భూమిలోపలి నీటి పైపు లీకు: వెతకడానికి ఏ పద్ధతి, బాగుచేయడానికి ఏ మార్గం?

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లోనైనా, వాటి చుట్టుపక్కల పల్లెల్లోనైనా, ఇంటి నేలలోని నీటి పైపు కారుతోందన్న అనుమానం రాగానే ముందు గునపమే చేతికి వస్తుంది. తడి కనిపించిన చోట తవ్వడం, అక్కడ పైపు బాగానే ఉందని తేలడం, రెండడుగుల అవతల మరో గొయ్యి తీయడం, చివరికి వాకిట్లోని చప్టా పగలగొట్టి మళ్లీ వేయించిన ఖర్చు పైపు ఖర్చుకు ఎన్నో రెట్లు కావడం చాలా ఇళ్లలో జరుగుతున్నదే. ఇది పనివాళ్ల చేతకానితనం వల్ల జరిగేది కాదు. కారుతున్నది ఏ లైనో, అందులో ఎంత ఒత్తిడి ఉందో, ఆ పైపు ఏ రకానిదో తేల్చుకోకుండా పని మొదలుపెట్టడం వల్ల జరుగుతుంది. ఈ మూడు సంగతులూ తెలిస్తే ఏ పద్ధతి ఎంచుకోవాలో దాదాపుగా వాటంతట అవే చెబుతాయి.

మూడు లైన్లలో ఏది?

మన జిల్లాల్లో సొంత డాబా ఉన్న కుటుంబానికి సాధారణంగా నేలలో మూడు వేర్వేరు నీటి లైన్లు ఉంటాయి. మొదటిది వీధిలోని మునిసిపల్ లేదా పంచాయతీ పైపు నుంచి ఇంటి కుళాయికో సంపుకో వచ్చే కనెక్షను. రెండవది బోరు నుంచి గాని సంపు నుంచి గాని మోటారు ద్వారా మేడమీది ట్యాంకుకు ఎక్కే లైను. మూడవది ఆ ట్యాంకు నుంచి స్నానాల గదికి, వంటింటికి, పెరటి కుళాయిలకు దిగే లైను. మూడింటికీ ఒత్తిడి వేరు, నీరు ఉండే వేళలు వేరు, కారితే కలిగే నష్టం కూడా వేరు.

వీధి లైనులో నీరు రోజంతా ఉండదు. సరఫరా ఇచ్చే ఆ కాసేపే ఉంటుంది. కాబట్టి ఆ లైను కారితే కుళాయి వచ్చే వేళకు తడి పైకి తేలి, ఎండెక్కే కొద్దీ ఆరిపోతుంది. మోటారు లైను కారితే మోటారు నడిచినంతసేపూ నీరు ఉబికి, ఆపిన తరువాత క్రమంగా తగ్గుతుంది. ట్యాంకు నుంచి దిగే లైను మాత్రం రాత్రింబగళ్లు నిండుగా ఉంటుంది కనుక ఆ తడి ఎప్పటికీ ఆరదు. తడి ఏ వేళ వస్తోంది, ఏ వేళ పోతోంది అని రెండు మూడు రోజులు గమనించి ఒక కాగితం మీద రాసుకోవడమే అన్నిటికన్నా చవకైన పరీక్ష. దీన్ని చేయకుండా ప్లంబరును పిలవడం తొందరపాటు.

దిగే లైనును తేల్చడానికి ట్యాంకు పరీక్ష చాలు. రాత్రి అందరూ పడుకున్నాక కుళాయిలన్నీ కట్టేసి, మోటారు వేయకుండా, ట్యాంకులో నీరు ఎంతవరకు ఉందో ఒక కర్రతో కొలిచి గుర్తు పెట్టుకోవాలి. తెల్లవారి మళ్లీ కొలవాలి. గుండ్రని ట్యాంకు అడ్డకొలత (వ్యాసం) 110 సెంటీమీటర్లు ఉంటే నీటిమట్టం ఒక సెంటీమీటరు తగ్గినప్పుడు సుమారు తొమ్మిదిన్నర లీటర్లు పోయినట్టు లెక్క. మరుసటి రాత్రి ట్యాంకు కింద ఉన్న గేట్ వాల్వును బిగించి ఇదే కొలత మళ్లీ తీయాలి. వాల్వు కట్టినప్పుడు మట్టం నిలబడి, తెరిచినప్పుడు తగ్గితే నష్టం ట్యాంకులో కాదు, దిగే లైనులో ఉంది. వాల్వు కట్టినా తగ్గుతుంటే ట్యాంకునో, సరిగా పట్టని ఆ వాల్వునో అనుమానించాలి. పాత గేట్ వాల్వులు పూర్తిగా మూసుకోవు. అందువల్ల ఈ పరీక్షకు ముందు వాటి స్థానంలో బాల్ వాల్వు వేయించుకోవడం దండగ ఖర్చు కాదు.

ఎంత చిన్న రంధ్రం ఎంత నష్టం చేస్తుందో తెలిస్తే ఈ రెండు రాత్రుల శ్రమ భారమనిపించదు. ట్యాంకు నేలకు 6 మీటర్ల ఎత్తున ఉంటే, పైపుకు 2 మిల్లీమీటర్ల రంధ్రం పడినా నిమిషానికి లీటరుకు పైగా, రోజుకు సుమారు 1,800 లీటర్లు పోగలవు. చుట్టూ బిగువుగా ఉన్న మట్టి వల్ల అది కొంత తగ్గవచ్చు గాని, వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్క రోజులో ఖాళీ కావడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కరలేదు.

భూమిని అనుమానించే ముందు చూడవలసినది మరొకటి ఉంది. కమోడు ఫ్లష్ ట్యాంకులోని రబ్బరు వాషరు అరిగి నీరు చడీచప్పుడు లేకుండా జారిపోతుంటే, ట్యాంకు పరీక్షలో అది అచ్చంగా భూమిలోని లీకులాగే కనిపిస్తుంది. ఫ్లష్ ట్యాంకులో కొద్దిగా మిఠాయి రంగు కలిపి, పావుగంటసేపు ఫ్లష్ చేయకుండా ఉంచి, కమోడులోకి రంగు దిగుతోందేమో చూస్తే అనుమానం తీరుతుంది.

మోటారు లైనుకు లక్షణాలు వేరే ఉన్నాయి. ట్యాంకు నిండడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పట్టడం, మోటారు వేసిన ప్రతిసారీ ట్యాంకు దగ్గర ముందు గాలి బుసలు కొట్టి ఆ తరువాతే నీరు రావడం, కరెంటు బిల్లు కారణం లేకుండా పెరగడం ఈ లైను వైపు వేలు చూపుతాయి. అయితే నీటిని వెనక్కి పోనివ్వకుండా ఆపే వాల్వులు, అంటే సంపులో పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు గాని, లైనులోని నాన్ రిటర్న్ వాల్వు గాని చెడినా పైపులోని నీరు వెనక్కి జారిపోయి ఇవే లక్షణాలు కనిపిస్తాయి. వాల్వు మార్చడం ఒక గంట పని, నేల తవ్వడం ఒక రోజు పని. కాబట్టి ముందు వాల్వునే చూడాలి.

నేలను బట్టి తడి మాటను నమ్మడం, నమ్మకపోవడం

తడి కనిపించిన చోటే లీకు ఉంటుందన్న నమ్మకం మన నేలల్లో చాలాసార్లు మోసం చేస్తుంది. కళింగపట్నం, భావనపాడు వంటి తీరప్రాంతాల ఇసుక నేలలో కారిన నీరు నేరుగా కిందికి ఇంకిపోతుంది. పైపు నెలల తరబడి కారుతున్నా వాకిలి పొడిగానే ఉండవచ్చు. అక్కడ తడి కోసం వెతకడం కన్నా ట్యాంకు కొలతనే నమ్మాలి. వరి మళ్లను పూడ్చి వేసిన లేఅవుట్లలో, అడుగున బంకమట్టి ఉన్నచోట, నీరు కిందికి దిగలేక పక్కకు పాకి, లీకుకు చాలా దూరాన, పల్లంగా ఉన్న మూలలో తేలుతుంది. ఎత్తుగా పునాది లేపి లోపల గ్రావెల్ నింపిన డాబాలలో ఇది ఇంకా చిక్కుగా ఉంటుంది. గది మధ్యలో గచ్చు కింద కారిన నీరు ఆ గ్రావెల్‌లో పాకి, పైపు వేసినప్పుడు తవ్విన వదులు మట్టి వెంట నడిచి, ఎక్కడో వెనుక గోడ మొదట్లో చెమ్మగా కనిపిస్తుంది. ఆ గోడ దగ్గర ఎంత తవ్వినా పైపే దొరకకపోవచ్చు.

కాలం కూడా చూడాలి. వానాకాలంలో, ముఖ్యంగా చెరువుల దిగువన ఉన్న కాలనీలలో, భూగర్భ జలమే పైకి వచ్చి నేల చెమ్మగిల్లుతుంది. ఆ రోజుల్లో తడిని చూసి పైపును తప్పుపట్టడం సరికాదు. మార్చి నుంచి మే వరకు, చుట్టూ నేల బీటలు వారిన వేళ, ఒక్కచోట మాత్రమే గడ్డి పచ్చగా ఉంటే ఆ సాక్ష్యం బలమైనది.

ఊరుతున్న నీరు ఏ లైనుదో తేల్చడానికి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు బాగా ఉపకరిస్తుంది. బోరు నీటికీ, నది ఆధారంగా వచ్చే కుళాయి నీటికీ సాధారణంగా అంకెలో స్పష్టమైన తేడా ఉంటుంది. చిన్న గుంట తీసి, అందులో ఊరిన నీటిని తేర్చి కొలిస్తే, ఆ అంకె దేనికి దగ్గరగా ఉందో చూడవచ్చు. మట్టిలోని లవణాలు కలిసి అంకె కొంత పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. క్లోరిన్ పరీక్ష చుక్కలు వేసినప్పుడు ఊట నీరు పసుపు రంగుకు తిరిగితే అది శుద్ధిచేసిన కుళాయి నీరేనని చాలావరకు చెప్పవచ్చు. రంగు మారకపోతే మాత్రం కాదని చెప్పలేము, ఎందుకంటే మట్టిలో క్లోరిన్ త్వరగా హరించుకుపోతుంది.

వెతికే పద్ధతుల పోలిక

లైను తేలిన తరువాత ఆ లైనులో ఎక్కడ అన్నది ప్రశ్న. ఇక్కడ ఎక్కువమంది రెండు కొసల మధ్య ఊగుతారు. ఒక కొస అంచనాగా తవ్వడం, రెండవ కొస విశాఖపట్నం నుంచి యంత్రం తెప్పించడం. ఈ రెంటికీ మధ్య ఉన్న పద్ధతే చాలా ఇళ్లకు సరైనదని నా అభిప్రాయం. అది లైనును ముక్కలుగా విడదీసి పరీక్షించడం.

లైను మధ్యలో, నేల సులువుగా తవ్వగలిగిన ఒకచోట, పైపును కోసి రెండు వైపులా ఎండ్ క్యాపులు (మూతలు) వేస్తారు. ప్లంబర్ల దగ్గర ఉండే చేతి టెస్టింగ్ పంపును ముందు ఒక సగానికి, తరువాత రెండవ సగానికి తగిలించి ఒత్తిడి ఎక్కిస్తారు. పంపు మీది ఒత్తిడి గేజిలో ముల్లు నిలబడిన సగం మంచిది, దిగిపోయిన సగం చెడ్డది. చెడ్డ సగాన్ని మళ్లీ రెండు చేస్తే, 60 అడుగుల లైను రెండు కోతలతో 15 అడుగులకు వస్తుంది. ఆ 15 అడుగుల్లో ఎల్బోలు (మలుపు అతుకులు), టీలు (మూడు దారుల అతుకులు) ఎక్కడున్నాయో ముందు చూడాలి, ఎందుకంటే తిన్నగా సాగే పైపు కన్నా అతుకుల దగ్గర కారడం ఎక్కువ. కోసిన చోట్ల యూనియన్ (విప్పి మళ్లీ బిగించగల అతుకు) గాని బాల్ వాల్వు గాని పెట్టి, పైన ఒక చిన్న చాంబరు కట్టిస్తే, మళ్లీ ఎప్పుడైనా అనుమానం వచ్చినప్పుడు తవ్వకుండానే ఇదే పరీక్ష చేసుకోవచ్చు. అంటే వెతకడానికి పెట్టిన ఖర్చు ఇంటికి ఆస్తిగా మిగులుతుంది. మిగిలిన ఏ పద్ధతికీ ఈ గుణం లేదు.

ఒత్తిడి విషయంలో ఒక హెచ్చరిక అవసరం. నీటి మట్టం 10 మీటర్ల ఎత్తున ఉంటే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ. మన రెండంతస్తుల ఇళ్లలో దిగే లైనుపై ఉండేది సుమారుగా అంతే, లేదా అంతకన్నా తక్కువ. అటువంటి పాత లైనుకు 2 కేజీల పరీక్ష చాలు. కొత్త పైపుకు పెట్టే ఒత్తిడిని పాతికేళ్ల జీ.ఐ. (జింకు పూత ఇనుప) పైపుకు పెడితే లేని లీకులు పుట్టుకొస్తాయి.

చప్పుడును పట్టే యంత్రం గురించి ఎక్కువగా అడుగుతారు కనుక దాని బలమూ బలహీనతా తెలియాలి. పైపు నుంచి నీరు చిమ్మినప్పుడు పుట్టే సన్నని శబ్దాన్ని నేల మీద పెట్టిన మైకు ద్వారా వినిపించడం దాని పని. ఇనుప పైపులో శబ్దం దూరం ప్రయాణిస్తుంది, పీవీసీ పైపులో కొద్ది దూరంలోనే అణగిపోతుంది. ఒత్తిడి ఎక్కువ ఉంటే శబ్దం పెద్దది, తక్కువ ఉంటే దాదాపు ఉండదు. మన ఇళ్లలో ఎక్కువ పీవీసీ, ట్యాంకు ఇచ్చే ఒత్తిడి ఒక కేజీ లోపు. ఈ రెండూ ఆ యంత్రానికి ప్రతికూలమే. కాబట్టి పంపుతో ఒత్తిడి పెంచకుండా, ట్యాంకు నీటితోనే యంత్రాన్ని నడిపిస్తామనేవారికి డబ్బు ఇవ్వకూడదు. ఇనుప లైనుకు, కాంక్రీటు వాకిలికి, రాత్రి నిశ్శబ్ద వేళకు, తగిన ఒత్తిడికి మాత్రం ఇది మంచి సాధనం. దీనికి పాత రూపం మన పల్లెల్లోనూ ఉంది. ఇనుప ఊచ ఒక కొనను పైపుకు ఆనించి రెండో కొనను చెవికి పెట్టుకుని వినడం జీ.ఐ. లైనుకు నేటికీ పనిచేస్తుంది.

నత్రజనిలో కొద్దిపాటి హైడ్రోజన్ కలిపిన వాయువును ఖాళీ పైపులోకి ఎక్కించి, నేలమీదికి వచ్చే ఆ వాయువును పరికరంతో పసిగట్టే పద్ధతి పీవీసీకి కూడా బాగా పనిచేస్తుంది. ఐదు శాతం హైడ్రోజన్ ఉన్న ఆ మిశ్రమం మండదు. అయితే దీనికి పైపు పూర్తిగా నీరు లేకుండా ఉండాలి, పరికరమూ సిలిండరూ మనిషీ దూరం నుంచి రావాలి. గ్రానైటు పరిచిన హాలు కిందనుంచి లైను వెళుతూ, దానిని మరో దారిలో మళ్లించే వీలే లేనప్పుడు ఈ ఖర్చుకు అర్థం ఉంటుంది. మట్టి పెరడు ఉన్న ఇంటికి అర్థం లేదు. థర్మల్ కెమెరా సంగతి ఇంకా తేలిక: గీజరు లేదా సోలార్ వేడినీటి లైను గచ్చు కింద కారుతుంటే అది చూపగలదు, అడుగున్నర లోతున ఉన్న చన్నీటి పైపు విషయంలో దానిమీద ఆధారపడకూడదు.

ఇక అంచనాగా తవ్వడాన్ని పూర్తిగా తీసిపారేయనక్కరలేదు. లైను పొట్టిదై, నేల మెత్తనిదై, పైపు ఎటు వెళ్లిందో ఇంటి పెద్దలకు కచ్చితంగా తెలిసినప్పుడు అదే అన్నిటికన్నా త్వరగా తేలే మార్గం. చెట్టు కూలిన చోట కూడా అంతే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులను చూసిన మన జిల్లాలకు కూకటివేళ్లతో లేచిపోయిన చెట్టు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. వేళ్లు పైపును పెనవేసుకుని ఉంటే చెట్టుతోపాటు పైపూ పైకి లేస్తుంది, అతుకులు ఊడతాయి. అక్కడ ఏ పరీక్షా అవసరం లేకుండా ఆ గోతినుంచే మొదలుపెట్టవచ్చు.

అతకడమా, మార్చడమా, దారి మళ్లించడమా

లీకు దొరికాక తీసుకునే నిర్ణయమే అసలైనది, అది పైపు రకాన్ని బట్టి ఉండాలి.

పీవీసీ పైపులో చీలిక గాని, ఊడిన అతుకు గాని దొరికితే ఆ ముక్కను కోసివేసి కొత్త ముక్కను కప్లింగులతో అతకడం సరైన బాగు. పైపు మీద ఎం-సీల్ పూయడం, సైకిలు ట్యూబు చుట్టి తీగతో బిగించడం ప్లంబరు వచ్చేవరకు నీటిని ఆపడానికి పనికొస్తాయి గాని, వాటిమీద మట్టి కప్పడం మళ్లీ తవ్వడానికి ముహూర్తం పెట్టుకోవడమే. నేలలో బిగిసి ఉన్న పైపు పక్కకు వంగదు కనుక కొత్త ముక్క దూర్చడానికి మూడు నాలుగు అడుగుల పొడవున మట్టి తీయాలి. గొయ్యి ఇరుకుగా తీసి పైపును బలవంతంగా ఎత్తితే పక్క అతుకు వదులవుతుంది. సొల్యూషన్ (పైపులను అతికే జిగురు) పూసే రెండు మొహాలూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. ట్యాంకు వాల్వు సరిగా పట్టక బొట్టు బొట్టుగా నీరు వస్తున్న పైపుకు సొల్యూషన్ వేయడం వల్లనే చాలా అతుకులు నెల తిరగకుండా మళ్లీ కారుతాయి. అతికిన తరువాత, వీలైతే ఒక రోజు, ఒత్తిడి పెట్టకుండా ఆరనివ్వాలి. వేడినీటికి వాడే సీపీవీసీకి దాని సొల్యూషన్ వేరు, ఒకదానికి మరొకటి వాడకూడదు.

నల్లని హెచ్.డీ.పీ.ఈ. పైపుకు ఏ సొల్యూషనూ అంటదు. దానిని మర బిగింపు కప్లర్లతో గాని, వేడిచేసి అతికే యంత్రంతో గాని మాత్రమే కలపాలి. కనెక్షను లైనుకు నేను మొదట సిఫారసు చేసేది ఈ పైపునే. చుట్టగా వస్తుంది కనుక వీధి నుంచి సంపు వరకు మధ్యలో ఒక్క అతుకూ లేకుండా వేయవచ్చు, నేల కొద్దిగా కుంగినా వంగి సర్దుకుంటుంది, తీరప్రాంతపు ఉప్పు గాలికీ ఉప్పు నేలకూ తుప్పు పట్టదు.

జీ.ఐ. పైపు విషయంలో నా సలహా కఠినంగా ఉంటుంది. భూమిలో పదిహేను ఇరవై ఏళ్లుగా ఉన్న జీ.ఐ. పైపుకు ఒకచోట తుప్పు పట్టి రంధ్రం పడిందంటే, మిగిలిన పొడవంతా అదే మట్టిలో అదే తేమలో ఉంది కాబట్టి అక్కడ కూడా గోడ పలచబడే ఉంటుంది. అటువంటి పైపుకు క్లాంపు (రంధ్రం మీద బిగించే పట్టీ) వేస్తే నీరు ఆగుతుంది, కాని ముక్క మార్చబోయి పాత మరలను తిప్పితే ఆ ఒత్తిడికే పక్కన మరో రంధ్రం తెరుచుకోవచ్చు. ఒకసారి క్లాంపుతో గడిపివేయండి, రెండవసారి కారితే ఆ లైనును మొత్తంగా వదిలివేయండి. తప్పనిసరిగా జీ.ఐ. వేయవలసి వస్తే నీలి పట్టీ ఉన్న మధ్యరకం గాని, ఎర్ర పట్టీ ఉన్న మందపు రకం గాని తీసుకోవాలి. పసుపు పట్టీ ఉన్న పలుచని రకాన్ని నేలలో పూడ్చకూడదు.

వదిలివేయడం అంటే ఆ పైపును తవ్వి తీయడం కాదు. రెండు కొసలూ మూసివేసి దానిని భూమిలోనే ఉండనిచ్చి, కొత్త లైనును వేరే దారిలో తెచ్చుకోవడం. మేడమీది ట్యాంకు నుంచి దిగే లైనుకు ఇదే ఉత్తమమైన మార్గమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ట్యాంకు నుంచి దిగిన పైపును నేలలోకి దించి, గదుల కింద తిప్పి, మళ్లీ పైకి తేవలసిన అవసరం చాలా ఇళ్లలో లేదు. బయటి గోడ వెంట, లేదా ప్రహరీ వెంట అడుగు ఎత్తున క్లాంపులతో బిగించుకుంటూ తీసుకువెళ్లవచ్చు. అందం కొంత తగ్గుతుందని ఇంట్లోవారు అభ్యంతరం చెబుతారు. కాని గోడమీది పైపు కారితే అదే రోజు కనిపిస్తుంది, అదే రోజు బాగవుతుంది, గచ్చు పగలదు. ఎండ తగిలితే పీవీసీ, సీపీవీసీ రెండూ పెళుసుబారుతాయి కనుక వాటికి నీటితో కలిపే లేతరంగు పెయింటు వేయాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. ఖర్చు లెక్కన చూసినా, గచ్చు కింద లీకును వెతికి, పగలగొట్టి, బాగుచేసి, టైల్సు అతికించడానికి ప్లంబరుతోపాటు తాపీ మేస్త్రి, టైల్సు మేస్త్రి కూడా కావాలి. గోడ వెంట కొత్త లైనుకు ప్లంబరు, సహాయకుడు చాలు.

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఒకదానినొకటి ఆనుకుని వీధి నుంచి పెరడు దాకా పొడుగ్గా సాగే వరుస ఇళ్లకు మాత్రం ఈ సలహా నేరుగా వర్తించదు. అక్కడ పక్క గోడ ఉమ్మడిది, బయటి వైపు అనేదే ఉండదు. వీధి కుళాయి నుంచి పెరటికి వెళ్లే లైను ఇంటి నడుమనుంచే పోవాలి. అటువంటి ఇంట్లో గోడ మొదట చెమ్మ కనిపిస్తే ముందుగా పక్కింటివారితో మాట్లాడి, రెండు ఇళ్ల లైన్లనూ ఒక్కొక్క రాత్రి కట్టివేసి చూడాలి, ఎందుకంటే కారుతున్నది అవతలివారి పైపు కావచ్చు. లైను మార్చవలసి వస్తే గది లోపల గోడ అంచున గాని, దూలాల కింద పైకప్పు వెంట గాని తీసుకువెళ్లడం మేలు. గచ్చు కిందే వేయక తప్పకపోతే పెద్ద పైపును తొడుగుగా వేసి, దాని లోపలనుంచి అతుకు లేని హెచ్.డీ.పీ.ఈ. పైపును దూర్చాలి. రేపు అది చెడినా లాగివేసి కొత్తది దూర్చవచ్చు.

కొనేటప్పుడు దుకాణంలో 4 కేజీ, 6 కేజీ, 10 కేజీ అని అడిగి ఇస్తారు. అది పైపు తట్టుకునే ఒత్తిడి. మన లైనులో ఉండేది ఒక కేజీ అయినా, మోటారు ఆపినప్పుడు పడే దెబ్బనూ పైన నడిచే బండ్లనూ లెక్కలోకి తీసుకుంటే భూమిలో 10 కేజీ పైపు వేయడమే క్షేమం. తాగునీటి పీవీసీ పైపు మీద ఐ.ఎస్. 4985, హెచ్.డీ.పీ.ఈ. మీద ఐ.ఎస్. 4984, సీపీవీసీ మీద ఐ.ఎస్. 15778 అని ముద్ర ఉండాలి. కరెంటు తీగలకు వాడే పైపును, వ్యవసాయానికి వాడే పలుచని పైపును తాగునీటికి వేయనివ్వకండి.

వీధి వైపు లీకు వాయిదా వేయదగినది కాదు

మూడు లైన్లలో మొదట బాగుచేయవలసినది, నీటి నష్టం తక్కువైనా సరే, వీధి కనెక్షనే. మన పట్టణాల్లో ఈ పైపు చాలాచోట్ల మురుగుకాలువను దాటుకుని ఇంట్లోకి వస్తుంది. సరఫరా ఉన్నంతసేపూ నీరు బయటికి కారుతుంది. సరఫరా ఆగి పైపు ఖాళీ అయ్యేటప్పుడు అదే రంధ్రం గుండా కాలువలోని మురుగు లోపలికి పీల్చుకోబడుతుంది. మరునాడు కుళాయి తిప్పగానే మొదట వచ్చేది ఆ నీరే. అతిసారం, పచ్చకామెర్లు ఇలాగే ఇళ్లలోకి వస్తాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు అందరి చూపూ తాగునీటి మీదే పడింది. కుళాయి నీరు మొదట కాసేపు మురికిగా వచ్చి తరువాత తేటపడుతుంటే, వాసన వస్తుంటే, పరీక్షలతో కాలయాపన చేయకుండా ఆ నీటిని తాగడం ఆపి, లైనును బాగుచేయించాలి. అంతవరకు వేరే చోటి నీరు తెచ్చుకోవాలి, లేదా బాగా మరిగించి తాగాలి.

ఇక్కడ ఎంపిక మన ఒక్కరి చేతిలో ఉండదు. ప్రహరీ లోపలి భాగం మనది, రోడ్డు కింద ప్రధాన పైపుకు తగిలించిన చోట చేయి పెట్టవలసింది మునిసిపాలిటీ లేదా పంచాయతీ సిబ్బంది. అనుమతి లేకుండా రోడ్డు తవ్వించకూడదు. పట్టణంలో వార్డు సచివాలయంలో వసతులు చూసే ఎమెనిటీస్ కార్యదర్శికి, గ్రామంలో సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవడం నోటిమాటగా చెప్పడం కన్నా మేలు. ఫిర్యాదు ఇచ్చే ముందు ప్రహరీ లోపల, పైపు ఇంట్లోకి వచ్చే చోట ఒక బాల్ వాల్వు వేయించి, సరఫరా వేళ దాన్ని కట్టి చూడండి. కట్టినా వీధిలో తడి వస్తుంటే తప్పు రోడ్డు వైపుదని సిబ్బందికి చూపించవచ్చు. కొత్త కనెక్షను వేయించుకునే అవకాశం వస్తే, ఖర్చు కొంత ఎక్కువైనా, పైపును కాలువలోనుంచి కాక కాలువ పైనుంచి, తొడుగు పైపులో తీసుకురమ్మని పట్టుబట్టండి. అన్ని ఎంపికల్లోనూ బేరం ఆడకూడనిది ఇదొక్కటే.

పూడ్చే ముందు

పైపు అతికిన రోజే గొయ్యి పూడ్చనివ్వకండి. ఒత్తిడి పరీక్ష నిలబడిందని చూసిన తరువాత, పైపు చుట్టూ నాలుగంగుళాల మేర ఇసుక పోసి, ఆపైన రాళ్లు లేని మట్టి వేయాలి. తీసిన గ్రావెల్‌ను రాళ్లతో సహా నేరుగా పైపు మీద కుమ్మరిస్తే, బండి నడిచిన ప్రతిసారీ ఆ రాయి పైపును నొక్కుతూనే ఉంటుంది. మామూలు వాకిట్లో అడుగున్నర, బండ్లు తిరిగే చోట రెండడుగులకు పైగా లోతు ఉండాలి. మురుగు పైపు దగ్గరగా ఉంటే మంచినీటి పైపు దానికి పైన, వీలైనంత ఎడంగా ఉండాలి. గొయ్యి తెరిచి ఉండగానే, రెండు గోడల మూలల నుంచి పైపు ఎంత దూరంలో ఉందో టేపు పరిచి ఫొటో తీసి దాచుకోవాలి.

లైను తెరిచినప్పుడు మట్టి, మురుగు లోపలికి పోయి ఉంటాయి కనుక ట్యాంకునూ పైపునూ శుద్ధి చేయడం పనిలో భాగమే. వెయ్యి లీటర్ల ట్యాంకుకు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరును బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైతేటను మాత్రమే నిండు ట్యాంకులో పోయాలి. ప్రతి కుళాయిని తిప్పి వాసన వచ్చేవరకు వదిలి, కట్టేసి, ఒక రాత్రంతా అలాగే ఉంచాలి. ఆ నీటిని తాగడానికీ వంటకూ స్నానానికీ వాడకుండా, మొక్కలకు పోయకుండా, తెల్లవారి పూర్తిగా వదిలివేసి, వాసన పోయేవరకు ట్యాంకును నింపి ఖాళీ చేయాలి. ఆ తరువాత ఒక రాత్రి మళ్లీ కర్రతో ట్యాంకు మట్టం కొలిచి, తెల్లవారి అదే గీత దగ్గర నీరు ఉందని చూసుకున్నాకే తాపీ మేస్త్రిని చప్టా వేయడానికి పిలవాలి.